వీలునామా అమలు: పెత్తనం కాదు, బాధ్యత
(కోర్పనా కార్మికుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి ప్రసంగం)



తోటి కార్మికుడు వీలునామాలో మనల్ని అమలుదారుగా పెట్టి కన్నుమూస్తే, ఆ ఆస్తి మనదైపోదు. మనం కాపలాదారులం మాత్రమే.

ముందు కాగితం చూడాలి. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం రాసినవారి సంతకమో వేలిముద్రో, ఇద్దరు సాక్షుల సంతకాలూ ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇక్కడి ఇల్లూ పొలమూ రాస్తే ప్రొబేటు కూడా తప్పనిసరి కాదు. ముంబయి మిల్లుల్లో చేసి అక్కడే గది కొనుక్కున్న మనవాళ్ళ వీలునామాలకు ఆ నిర్బంధం ఉండేది. 2025లో చట్టం సవరించి తొలగించారు. అయినా వారసుల్లో తగాదా ఉంటే చంద్రపూర్ జిల్లా కోర్టులో ప్రొబేటు తీసుకోవడమే క్షేమం. తీసుకున్నాక 6 నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో జమాఖర్చులు కోర్టుకు ఇవ్వాలి.

చెల్లింపులకు ఒక వరస ఉంది. మొదట అంత్యక్రియలు, చివరి రోజుల వైద్యం ఖర్చు. తర్వాత కోర్టు ఖర్చు. ఆ తర్వాత, చావుకు ముందు 3 నెలల్లో ఆయన దగ్గర పనిచేసిన కూలీల బాకీ. తాకట్టు లేని వడ్డీ అప్పులు దాని వెనకే. వారసుల వాటాలు చిట్టచివర.

మిల్లులో జీతం బాకీ కోసం కొట్లాడే మనం, చనిపోయిన మనవాడి చేలో పత్తి ఏరిన కూలీ డబ్బు ఎగ్గొట్టనివ్వకూడదు. ముందు ఆ బాకీ తీరుద్దాం, ప్రతి రసీదూ దాచుదాం.