కింబర్లీకి వెళ్లేవారికి



పశ్చిమ ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉన్న కింబర్లీ ప్రాంతం మన రెండు తెలుగు రాష్ట్రాల కన్నా పెద్దది. ఊళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

సాహస యాత్రికులు ఎక్కువగా పట్టేది గిబ్ రివర్ రోడ్డు. పశువులను రేవులకు చేరవేయడానికి వేసిన ఈ దారి సుమారు 660 కిలోమీటర్లు. చాలా భాగం కంకర, ఎర్రమట్టే. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలకు వాగులు పొంగి దారి తెగిపోతుంది. మే నుంచి సెప్టెంబరు దాకా వెళ్లడం మేలు.

ఈ ప్రాంతంలోని పుర్నులులు పార్కును యునెస్కో 2003లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి ఇసుకరాతి గుమ్మటాల మీద నలుపు, నారింజ చారలుంటాయి. తేమ నిలిచే పొరల్లో సూక్ష్మజీవులు పెరిగి నల్లబడతాయి. త్వరగా ఆరే పొరలకు ఇనుము తుప్పు నారింజ రంగునిస్తుంది.

ఇది వేల ఏళ్లుగా ఆదివాసులు కాపాడుకొస్తున్న నేల. వారి రాతిచిత్రాలను ముట్టుకోకండి, అనుమతి లేని చోటికి వెళ్లకండి. మొసళ్ల హెచ్చరిక ఉన్న నీళ్లలో దిగకండి. మొబైల్ సిగ్నల్ చాలాచోట్ల అందదు కాబట్టి శాటిలైట్ ఫోను, అదనపు టైర్లు, సరిపడా నీళ్లు వెంట ఉంచుకోండి. బండి ఆగిపోతే సాయం వచ్చేదాకా దాన్ని విడిచి నడవకండి. ఆకాశం నుంచి వెతికేవారికి మనిషి కన్నా బండే ముందు కనిపిస్తుంది.