గొలుసు నుండి ఉపగ్రహము వరకు

జహీరాబాదు చేలలో హద్దురాయి జరిగినదన్న తగవు మనకు క్రొత్త కాదు. పొరుగున బీదరులో 1815లో లాంబ్టన్ దొర ఉక్కుగొలుసుతో ఆధారరేఖను కొలిచెను. అటనుండి త్రిభుజములు ఉత్తరమునకు సాగినవి. ఆ కొలతకు ఎన్ని ఎండలు, ఎన్ని జ్వరములు! నేడు ఉపగ్రహ సంకేతములు, డ్రోనులు ఆ పనిని గడియలలో ముగించుచున్నవి.

పటము గీయవలెనన్న ముందుగా అనుమతి పొందవలసి యుండెడిది. 2021 ఫిబ్రవరిలో కేంద్రము ఆ నియమములను సడలించి, స్వదేశీ సంస్థలకు త్రోవ విడిచినది. ఇకమీదట పటము గోడకు వ్రేలాడు చిత్తరువు కాదు, నిత్యము మారు లెక్క. ఇది చెరువు, ఇది చేను అని యంత్రమే గుర్తించును.

అయితే న్యాల్‌కల్, ఝరాసంగము మండలములలో పారిశ్రామిక మండలికై 12,635 ఎకరములు తలపెట్టినప్పుడు, గజము తప్పిన గీత ఒక రైతు పరిహారమునే తప్పించగలదు. యంత్రము గట్టును చూచును. ఆ గట్టు ఎవరిదో ఎఱుగదు. కావున పటమును రైతు ముందు పఱచి, “నీ హద్దు ఇదియేనా?” అని అడుగు సర్వేయరు మనకు మఱింత మంది కావలెను.