రెండు కళ్ళూ తెరిచి గురి చూడటం
(ఐసెలిన్ తెలుగు శ్రోతల కోసం ఇచ్చిన రేడియో ప్రసంగానికి అక్షరరూపం)



ఓక్ ట్రీ రోడ్డులో దోసె తిని ఇంటికి పోయేవాడికి ఈ తుపాకీ గొడవెందుకని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. 2012లో మన హైదరాబాదు గగన్ నారంగ్ లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కంచు పతకం తెచ్చినప్పుడు పట్టుకున్న సరదా ఇది. ఇప్పుడు శనివారాలు పాయింట్ టూటూ రైఫిలుతో కాగితం మీది సున్నాలు కొట్టడం నా కాలక్షేపం. అది చూసి మనవాళ్ళు "ఏ స్కోపు కొనమంటారండీ?" అని అడుగుతుంటారు. దానికి జవాబు చెప్పేముందు నా తప్పు ఒకటి చెప్పాలి.

ఒక శనివారం రేంజిలో ఎడమ కన్ను గట్టిగా మూసి, స్కోపు 9 రెట్లకు పెట్టి, గురి చూస్తున్నాను. ఎడమ పక్క బల్ల దగ్గరి పెద్దమనిషి, కింద పడ్డదేదో తీసుకోవడానికి గీత దాటి ముందుకు వంగాడు. నాకు తెలియదు. నాకు కనిపించేదల్లా నల్ల సున్నా ఒక్కటే. "సీజ్ ఫైర్" అని ఎవరో అరిచారు. ట్రిగ్గరు మీంచి వేలు తీసి కన్ను తెరిస్తే, ఆయన వీపు కనిపించింది. గీత దాటడం ఆయన తప్పే. ఆ పక్కకంతా తలుపు వేసుకుని కూర్చోవడం నా తప్పు. ద్రోణుడు అడిగితే అర్జునుడు పక్షి కన్ను ఒక్కటే కనిపిస్తోందన్నాడని చిన్నప్పుడు మెచ్చుకునేవాళ్ళం. రేంజిలో అలా చెప్పే శిష్యుడి పక్కన నేను నిలబడను.

ఇప్పుడు ఒక పని చెయ్యండి, తుపాకీ అక్కర్లేదు. కాగితం ఒకటి గొట్టంలా చుట్టి కుడి కంటికి పెట్టుకోండి. ఎడమ అరచేతిని ఆ గొట్టం పక్కనే, సగం దూరంలో ఆనించండి. రెండు కళ్ళూ తెరిచి దూరంగా చూడండి. అరచేతికి చిల్లు పడ్డట్టు కనిపిస్తుంది! రెండు కళ్ళు పంపే రెండు బొమ్మల్ని మెదడు ఒకటిగా అతికిస్తోంది. స్కోపు దగ్గరా జరిగేది ఇదే. తేడా ఏమిటంటే, అక్కడ ఒక కన్ను పెద్ద బొమ్మ చూస్తుంది, రెండోది మామూలు బొమ్మ. రెండూ అతకవు, పోట్లాడుకుంటాయి.

ఆ పోట్లాటను పనికి వాడుకోవచ్చని చూపినవాడు ట్రైజికాన్ కంపెనీ స్థాపకుడు గ్లిన్ బిండన్. రైఫిలు కదులుతున్నంతసేపూ స్కోపులోని పెద్ద బొమ్మ అలుక్కుపోతుంది. మెదడు దాన్ని వదిలేసి, వట్టి కన్ను చూపే దృశ్యాన్నే తీసుకుంటుంది. దాని మీద వెలిగే గురి గుర్తు తేలుతూ ఉంటుంది. రైఫిలు ఆగగానే పెద్ద బొమ్మ మళ్ళీ ముందుకొస్తుంది. అందుకే ఇలాంటి స్కోపుకు గుర్తు వెలగాలి, రెట్లు తక్కువుండాలి. 4 రెట్ల వరకు చాలామందికి అలవాటవుతుంది. 1 నుంచి 6 రెట్లకు మారే రకమైతే 1 మీద పెట్టి మొదలుపెట్టడం ఇంకా తేలిక.

మనవాళ్ళకు పెద్ద నంబరంటే మోజు, కెమెరా కొన్నా అంతే. 4 రెట్ల స్కోపులో 100 గజాల దూరాన పాతిక అడుగులు, కొన్నిట్లో అంతకు పైన, వెడల్పు కనిపిస్తుంది. 24 రెట్లదానిలో సుమారు 5 అడుగులే. వెలుతురు సంగతీ అంతే. ముందు అద్దం మిల్లీమీటర్లను రెట్లతో భాగించండి. 32ని 4తో భాగిస్తే 8, 9తో భాగిస్తే మూడున్నర. కంటిలోకి వచ్చే వెలుగు కట్ట వెడల్పు అది. సన్నబడేకొద్దీ కన్ను సరిగ్గా అక్కడే పెట్టి ఉంచాలి, కాస్త కదిలితే నల్లబడుతుంది. కొన్నాక మొదట కంటి దగ్గరి రింగు తిప్పి, ఖాళీ గోడను చూస్తూ గుర్తు స్పష్టంగా కనిపించేలా చేసుకోండి. ఒక్కో చూపు రెండు మూడు క్షణాలే, లేకపోతే కన్ను సర్దుకుని మోసం చేస్తుంది. ఇదంతా ఖాళీ రైఫిలుతో, గుళ్ళు వేరే గదిలో పెట్టి. మనుషుల్ని చూడ్డానికి స్కోపు ఎన్నడూ ఎత్తొద్దు. బైనాక్యులర్ కొనుక్కోండి.

కదలని గురికి ఎక్కువ రెట్లు కావాల్సిందే అంటారా, కళ్ళద్దాల ఎడమ అద్దం మధ్యలో మసక టేపు చిన్న ముక్క అంటించండి. ఒలింపిక్ ఎయిర్ రైఫిల్‌కి పెద్దది చేసి చూపే స్కోపే ఉండదు. అయినా అక్కడ చాలామంది రెండో కన్ను మూయరు, దాని ముందు ఒక పట్టీ అడ్డం పెట్టుకుంటారు. కన్ను మూస్తే ముఖం కండరాలు అలసిపోతాయి. టేపు వేస్తే గురి బొమ్మకు అడ్డు తగ్గుతుంది, పక్కన కదిలే మనిషి మాత్రం కనిపిస్తాడు. నేనిప్పుడు అదే వాడుతున్నాను.

మీ ప్రబలమైన కన్ను ఏదో ముందు చూసుకోండి. చేతులు చాచి, రెండు అరచేతుల మధ్య చిన్న సందులోంచి గోడ గడియారాన్ని చూస్తూ ఒక్కో కన్ను మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం సందులోనే ఉంటుందో అదే. మా అమ్మాయిది కుడిచేతి వాటం, ఎడమ కన్ను. రెండు కళ్ళూ తెరిచి కుడి భుజానికి ఆనిస్తే గురి గుర్తు కుదరక విసుక్కునేది. ఎడమ భుజానికి మార్చాక నెల పట్టింది.

చివరగా చట్టం. న్యూజెర్సీలో ఎయిర్ రైఫిల్ కూడా చట్టం దృష్టిలో తుపాకీయే. కొనడానికి ఫైర్‌ఆర్మ్స్ పర్చేజర్ ఐడీ కార్డు కావాలి. మన ఐసెలిన్ వాళ్ళకు అది వుడ్‌బ్రిడ్జ్ పోలీసుల ద్వారా వస్తుంది. వేరే రాష్ట్రంలో సులువుగా దొరికిందని కారులో వేసుకుని రాకండి. హెచ్-1 వంటి వీసాల మీద ఉన్నవారికి, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ ఉంచుకోవడాన్నే ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. స్కోపు ధర చూసేముందు లాయరుకు ఒక ఫోను చెయ్యండి.