తెరవెనుక వేదము



వేదమును మేము గురుముఖముగా నేర్చితిమి. తోలుబొమ్మలాటవారు రామాయణమును తెరవెనుక కూర్చుండి, తండ్రి నోట విని నేర్చిరి. అదియు ముఖతః వచ్చిన విద్యయే. అక్షరము రాని పల్లెవారికి సీతారాములను కన్నులకు కట్టినట్లు చూపినవి ఆ మేకతోలు బొమ్మలే.

ధర్మవరము చెంత నిమ్మలకుంటలో నేటికిని ఆ కుటుంబములున్నవి. వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. అయినను ఆటకు పిలుచువారు తగ్గుటచే, పలువురు విద్యుద్దీపములకు తోలు తొడుగులు చేసి పొట్టపోసికొనుచున్నారు. బొమ్మ పెట్టెలో మిగులును. పాట ఎక్కడ మిగులును? వినువారు లేనిచో వేదమునకైనను అదే గతి.

కావున శ్రీరామనవమికి ఒక్క రాత్రి ఆలయము ముందు ఆ తెర కట్టింపుడు. పిల్లలను ముందు కూర్చుండబెట్టుడు. మాకిచ్చునట్లే వారికిని సంభావన ఇచ్చి సాగనంపుడు.

స్వస్తి.