ప్రింట్ నొక్కాక కాగితం ఎక్కడికి పోతుంది?
(సొసైటీ ఆఫీసు కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



కంప్యూటర్ మీద ప్రసంగం అనగానే వెనక వరసలో కొందరు చాయ్ వైపు చూడటం గమనించాం. ఎక్కువ సేపు తీసుకోం. ముందు మా చేతుల మీదుగా జరిగిన ఒక తప్పు చెప్పుకోవాలి.

రంజాన్ నెలలో జకాత్ అందుకునే కుటుంబాల జాబితాను అకౌంట్స్ గదిలో ప్రింట్ ఇచ్చాం. కాగితం రాలేదు. మళ్లీ నొక్కాం. మూడోసారీ నొక్కాం. మూడు కాపీలూ ముందు హాల్లోని ప్రింటర్ మీద పడ్డాయి. స్కాలర్‌షిప్ ఫారాల కోసం వచ్చినవాళ్లు అక్కడ నిలబడి ఉన్నారు. ఓ కుర్రాడు కాగితాలు సర్ది, మర్యాదగా తెచ్చి ఇచ్చాడు. అతనిది ఏ వీధో మాకు తెలుసు. ఆ వీధిలోనే ఉండే ఒక తల్లి పేరు మొదటి పేజీలో ఉంది. ఆమె సాయం అడగడానికి వచ్చిన రోజు మమ్మల్ని కోరింది ఒక్కటే, ఎవరికీ తెలియనివ్వొద్దని. కుర్రాడు చదివాడో లేదో మేము అడగలేదు. అడిగే ముఖం లేదు.

ఆ రాత్రి కూర్చుని, ఎక్కడ తప్పు జరిగిందో వెతికాం. మొదట తగిలిన మాట 'డిఫాల్ట్ ప్రింటర్'. ఏ ప్రింటర్ అని మనం చెప్పకపోతే కంప్యూటర్ తనంతట తాను ఎంచుకునేది అదే. విండోస్ 10 నుంచి ఇందులో ఒక మెలిక ఉంది. డిఫాల్ట్‌ను విండోస్‌కే వదిలేసే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, చివరిసారి వాడిన ప్రింటరే డిఫాల్ట్ అయి కూర్చుంటుంది. ఆ ఉదయం అదే కంప్యూటర్ నుంచి ఎవరో హాలు ప్రింటర్‌కు ఒక ఫారం పంపారు. అంతే. ప్రింటర్స్ అండ్ స్కానర్స్ పేజీలోకి వెళ్లి ఆ సెట్టింగ్ ఆపేసి, మన గదిలోని ప్రింటర్‌ను మనమే డిఫాల్ట్‌గా పెట్టుకోవాలి.

రెండో మాట 'క్యూ'. మనం పంపిన పని నేరుగా కాగితం మీదికి పోదు. 'స్పూలర్' అనే ప్రోగ్రామ్ దాన్ని అందుకుని వరసలో నిలబెడుతుంది. రాలేదని మళ్లీ నొక్కితే, రేషన్ షాపు ముందు ఒకే మనిషి మూడుసార్లు లైన్లో నిలబడ్డట్టే. ప్రింటర్ ఆఫ్‌లో ఉన్నా వరస చెరిగిపోదు. మీరు విసిగి ఇంటికి వెళ్లిపోతారు. మర్నాడు పొద్దున ఊడ్చడానికి వచ్చినామె స్విచ్ వేయగానే నిన్నటి కాగితాలన్నీ ఒక్కొక్కటే బయటికొస్తాయి. అందుకే రెండోసారి నొక్కే ముందు క్యూ తెరిచి చూడండి. అక్కర్లేనిది క్యాన్సిల్ చేయండి.

ఇక నెట్‌వర్క్. "నెట్ లేదు సాబ్, ప్రింట్ రావడం లేదు" అని రోజూ వింటుంటాం. ఆఫీసులోని కంప్యూటర్లను, ప్రింటర్లను కలిపే లోపలి వల 'లాన్'. ఇది మన మొహల్లా లాంటిది. ఇంటర్నెట్ బయటి పెద్ద రోడ్డు. 'రూటర్' ఈ రెండింటి మధ్య గేటు. పెద్ద రోడ్డు మూసుకుపోయినా పక్కింటికి నడిచి వెళ్లొచ్చు కదా! నెట్ పోయినా, లోపలి వైఫై, కేబుళ్లు బాగుంటే మన ప్రింటర్ మామూలుగా పనిచేస్తుంది.

'ఐపీ అడ్రస్' అంటే డోర్ నంబరు. మన ఆఫీసుల్లో ఎక్కువగా 192.168 తో మొదలవుతుంది. రూటర్‌లోని 'డీహెచ్‌సీపీ' ఈ నంబర్లు పంచుతుంది. చిక్కు ఎక్కడంటే, కరెంటు పోయి వచ్చాక ప్రింటర్‌కు కొత్త నంబరు రావచ్చు. కంప్యూటరేమో పాత తలుపే తడుతూ 'ఆఫ్‌లైన్' అంటుంది. ప్రింటర్‌కు ఎప్పుడూ ఒకే నంబరు ఇచ్చేలా రూటర్‌లో రిజర్వ్ చేయించుకుంటే ఈ బాధ తప్పుతుంది. ప్రింటర్ ఒక కంప్యూటర్‌కు యూఎస్‌బీ తీగతో తగిలించి, దాని ద్వారా షేర్ చేసినదైతే సంగతి వేరు. ఆ కంప్యూటర్ మేలుకుని ఉంటేనే మిగతావారికి ప్రింట్ వస్తుంది.

సర్టిఫికెట్లకు ఇంక్‌జెట్ కన్నా లేజర్ ప్రింటే మేలని మా అభిప్రాయం. లేజర్‌లో ఉండేది సిరా కాదు, 'టోనర్' అనే పొడి. వేడికి కరిగి కాగితానికి అతుక్కుంటుంది. మామూలు ఇంక్‌జెట్ అక్షరాల మీద చెమ్మ తగిలితే చాలాసార్లు అలుక్కుపోతాయి.

ఈ సంచికకు ఫొటోలు పంపేవారికి ఒక్క విన్నపం. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది. 'డాక్యుమెంట్'గా పంపండి. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే ఏ4 నిండా పడాలంటే 2480 బై 3508 పిక్సెళ్లు. తెలుగు, ఉర్దూ వ్యాసాలకు ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ కూడా జత చేయండి. లేకపోతే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తాయి, మా డీటీపీ భాయ్ మళ్లీ మొదటి నుంచి టైపు కొట్టాలి.

మళ్లీ ఆ జాబితా దగ్గరికి వస్తాం. చాలా ఆఫీసు ప్రింటర్లలో 'సెక్యూర్ ప్రింట్' అని ఉంటుంది. మీరు మెషీన్ దగ్గరికి వచ్చి పిన్ నంబరు కొట్టేదాకా కాగితం బయటికి రాదు. జకాత్ జాబితాలు, ఆధార్ నకళ్లు, వితంతువుల దరఖాస్తులు ఇకనుంచి అలాగే తీయాలని కమిటీలో నిర్ణయించాం. ఆ సౌకర్యం లేని చిన్న ప్రింటరైతే ఒకరు ముందే వెళ్లి దాని దగ్గర నిలబడాలి. ఇంకొకటి. పెద్ద జిరాక్స్ మెషీన్లు చాలావాటి లోపల హార్డ్ డిస్క్ ఉంటుంది, స్కాన్ చేసినవి అందులో మిగిలిపోవచ్చు. అద్దె మెషీన్ తిరిగి ఇచ్చేటప్పుడు దాన్ని చెరిపించాలి. అమానత్ అంటే బీరువాలో ఉన్న డబ్బు ఒక్కటే అనుకుని ఇన్నాళ్లూ ఈ సంగతి మేము పట్టించుకోలేదు.

జొహర్ నమాజ్ తర్వాత పక్క గదిలో మెషీన్ తెరిచి చూపిస్తాం. డిఫాల్ట్ సెట్టింగ్ ఒక్కొక్కరూ స్వయంగా మార్చి చూడాలి. టోనర్ పొడి రాలితే బట్టలకు అంటుకుంటుంది. తెల్ల కుర్తాలు వేసుకున్నవారు ఒక అడుగు దూరంగా నిలబడండి.