కడలి ఆవు, కేవటభోగం
(మిన్నీ బే సభలో చేసిన ప్రసంగ పాఠం)



చరిత్ర బోధించే మమ్ము అశోకుని గురించి ప్రసంగించమన్నారు. సభలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన మత్స్యకార కుటుంబాల వారు ఎందరో ఉన్నారు. కావున అశోకుని వద్దకు సముద్ర మార్గాన వెళ్లదలచినాము.

అండమాన్ నికోబార్ దీవుల అధికార జంతువు డుగాంగ్. తెలుగులో దానిని కడలి ఆవు అనవచ్చు. ఇక్కడి వాడుక హిందీలో మాత్రం అది ‘పానీ సువర్’, అనగా నీటిపంది. ఆవు అన్నచోట చేతులు జోడించి, పంది అన్నచోట కత్తి తీసే కరుణ కరుణ కాదు. పేరును బట్టి మనిషికి విలువ కట్టిన సమాజాన్ని ఎరిగిన మనకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

స్కాట్లాండు తీరాన సాల్మన్ చేపల పెంపకందార్లు తమ చేపలను తింటున్నవని సీల్ జంతువులను తుపాకులతో కాల్చేవారు. 2010 నాటి చట్టం ఆ కాల్పులకు లైసెన్సు విధానం తెచ్చినది. 2021 ఫిబ్రవరి 1 నుండి చేపల రక్షణ పేరిట లైసెన్సు ఇవ్వటమే ఆగిపోయినది. కరుణ ఒక్కటే ఆ పని చేయలేదు. సముద్రపు క్షీరదాలను బుద్ధిపూర్వకంగా చంపే చోటి చేపలను దిగుమతి చేసుకోబోమన్న అమెరికా నిబంధన వెనుక నుండి తరిమినది. బజారు చెప్పినంత త్వరగా ధర్మం చెప్పినది వినబడదు కాబోలు!

సీల్‌పై చేపలు తిన్న నేరమైనా ఉన్నది. డుగాంగ్‌పై అదీ లేదు. అది సముద్రగర్భంలోని గడ్డి మేసి బ్రతికే జీవి, జాలరికి పోటీ కాదు. మూడు మీటర్ల దాకా పెరుగుతుంది, డెబ్బై ఏళ్ల వరకు జీవించగలదు. తల్లి పదమూడు నెలలకు పైగా మోసి ఒక్క పిల్లను కంటుంది, మరల ఈనటానికి మూడు నుండి ఏడేళ్లు పడుతుంది. ఒక్క తల్లి పోయినదంటే ఆ లోటు తీరటానికి మనిషి వయసులో ఒక తరం పట్టవచ్చు. భారత జలాలన్నిటిలో మిగిలినవి కొన్ని వందలకు మించవని అంచనా. దీని బంధువైన ఉత్తర పసిఫిక్ కడలి ఆవును స్టెల్లర్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1741లో చూచినాడు. తోళ్ల వేటగాండ్రు దానిని మాంసానికై చంపగా 1768 నాటికి, అనగా 27 ఏళ్లలో, ఆ జాతి అంతరించినది.

ఇక్కడ తుపాకీ లేదు, వల ఉన్నది. డుగాంగ్ కొద్ది నిమిషాలకొకసారి పైకి వచ్చి ఊపిరి తీసుకోవాలి. గడ్డి మేతలపై రాత్రంతా నిలబెట్టి వదిలిన వలలో చిక్కితే మునిగి చనిపోతుంది. మాంసం కోసం దొంగచాటుగా పొడిచేవారూ లేకపోలేదు. లిటిల్ అండమాన్‌లో ఓంగీల నివాసానికి డుగాంగ్ క్రీక్ అనే పేరున్నది. వారు తరతరాలుగా దానిని వేటాడినవారే, అయినా సముద్రాన్ని ఖాళీ చేసినది వారు కాదు.

ఇప్పుడు అశోకుడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండపై ఉన్న శాసనాలలో మొదటిది రాజు వంటశాలను గురించినది. అక్కడి వధ రోజుకు రెండు నెమళ్లకు, ఒక జింకకు తగ్గినదని, ఇకపై అవి కూడ ఆగునని చెప్పినాడు. ఇతరులను అడుగక ముందు తన వంటింటి లెక్క ప్రజల ముందుంచిన రాజు! పట్టాభిషేకమైన 26 ఏళ్లకు వ్రాయించిన అయిదవ స్తంభశాసనం మరింత సూక్ష్మమైనది. అందులో చంపరాని జీవుల పట్టిక కలదు. చూలుతోనున్న, పాలిచ్చే మేకకు, గొర్రెకు, పందికి కూడ అభయం కలదు. పందికి సైతం అన్నది గమనించండి. కొన్ని తిథులలో చేపలు పట్టరాదు, అమ్మరాదు. ఆ దినాలలో ‘కేవటభోగం’లో, అనగా జాలరులకు కేటాయించిన జలాలలో, ఇతర ప్రాణులను కూడ చంపరాదు. అశోకుడు చేపల వేటను పూర్తిగా మాన్పించలేదు. వేటకు చోటు, దినము, హద్దు ఏర్పరచినాడు. కేవటుని పొట్ట కొట్టని అహింస అది.

నేటి చట్టంలో ఆ రెండవ సగం బలహీనం. 1972 వన్యప్రాణి చట్టపు మొదటి షెడ్యూలులో డుగాంగ్ ఉన్నది. దానిని వేటాడితే మూడు నుండి ఏడేళ్ల జైలు. న్యాయమే. కాని వలలో ప్రమాదవశాత్తు చిక్కినప్పుడు జాలరి ఏమి చేస్తాడు? వల కోస్తే పెట్టుబడి పోతుంది. కబురు చేస్తే కేసు పడునేమోనని భయం. కళేబరాన్ని నీటిలోనే వదలి ఊరుకుంటాడు, లెక్కలోకి రాకుండానే ఒక తల్లి పోతుంది. మహారాష్ట్ర ప్రభుత్వం 2018లో ఒక పద్ధతి తెచ్చినది: రక్షిత సముద్ర జీవిని విడిపించటానికి వల కోసిన జాలరికి 25,000 రూపాయల వరకు పరిహారం. తమిళనాడు 2022లో పాక్ బే వద్ద 448 చదరపు కిలోమీటర్ల డుగాంగ్ రక్షిత ప్రాంతం ప్రకటించినది. మొదటిది జాలరికి అభయం, రెండవది జంతువుకు. ఒకటి లేక రెండవది నిలువదని మా అభిప్రాయం.

స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ పరిసరాల గడ్డి మేతలపై వల నిలబెట్టవద్దని, చిక్కిన జీవిని విడిచి కబురు చేసిన వానిపై కేసు ఉండరాదని, కోసిన వలకు వెల చెల్లించాలని కోరుతూ ఒక వినతిపత్రం సిద్ధపరచినాము. అది ద్వారం వద్ద బల్లపై, తెలుగులోను హిందీలోను ఉన్నది. సంతకం రానివారు వేలిముద్ర వేయవచ్చును.