మన చెరువునకు ప్రభుత్వము పెట్టిన పేరు
(పాఠశాల వార్షికోత్సవమున చేసిన ప్రసంగ పాఠము)



కోవిల్‌పట్టి నుండి విరుదునగరమునకు రైలులో పోవునపుడు సాత్తూరు వద్ద వైప్పారును దాటుదుము. సంవత్సరమున పెక్కు నెలలు ఆ యేటిలో ఇసుకయే కాని నీరు కానరాదు. ఈ నల్లరేగడి సీమకు ఆధారము ఏరు కాదు, చెరువు. ఈశాన్య ఋతుపవనపు నాలుగు వానలను కట్ట వేసి నిలిపిన పెద్దల వలననే మన యూళ్లు నిలిచినవి. తమిళ సోదరులు దానిని కణ్మాయి అందురు. ప్రభుత్వము వారు దానిని ఏమందురో నేడు మనవి చేసెదను.

2017లో కేంద్ర ప్రభుత్వము చిత్తడి నేలల పరిరక్షణకు నియమములు వెలువరించినది. వాని ప్రకారము ప్రతి రాష్ట్రమున ఒక ప్రాధికార సంస్థ ఉండవలెను. పర్యావరణ మంత్రి దాని కధ్యక్షుడు. ఆ సంస్థ మొదట జాబితా కూర్చును. పిదప ఒక్కొక్క నేలకు హద్దులు, నీరు వచ్చు దారులు, ప్రజల హక్కులు తెలుపు సంక్షిప్త పత్రము వ్రాయించి, ప్రభుత్వమునకు సిఫారసు చేయును. ముసాయిదా వెలువడిన 60 దినములలో ఆక్షేపణలు తెలుపవచ్చును. సిఫారసు చేసిన 240 దినములలో తుది ప్రకటన రావలెను. తమిళనాడు 2021లో నూరు చిత్తడి నేలలను ప్రకటింప సంకల్పించినది.

ఇంతవరకు బాగుగనే యున్నది. కాని ఆ నియమములలోనే సేద్యమునకై మనుష్యులు కట్టిన జలాశయములు చిత్తడి నేలలు కావని యున్నది. మన చెరువులు కట్టినవే గదా! తాతల చెమటయే వానికి అనర్హత యైనది.

పొరుగున రామనాథపురము జిల్లాలోని చిత్రంగుడి, కాంజిరంకుళము కూడ సేద్యపు చెరువులే. కొంగలు గూళ్లు కట్టుటచే అవి 1989లో పక్షి రక్షిత స్థలములైనవి. 2022లో రామ్‌సర్ ఒప్పందపు జాబితా కెక్కినట్లు ప్రకటింపబడినవి. కట్ట ఒకటే, తూము ఒకటే. పక్షి వాలిన చెరువునకు పేరు మారినది.

మన చెరువులకు వేరు దిక్కులు కలవు. 40 హెక్టేర్లకు మించిన ఆయకట్టు గలవి జలవనరుల శాఖవి. చిన్నవి పంచాయతీ యూనియనువి. శాఖవారి చెరువులను కొలిచి, ఆక్రమణలు తొలగించుటకు 2007 నాటి రాష్ట్ర చట్టము కలదు.

మా యూరి చెరువు సంగతి చెప్పెదను. కట్ట గట్టిది. పూడిక తీసిరి. నీరు మాత్రము రాదు. నీరు తెచ్చు కాలువ రెండు ఫర్లాంగుల మేర చేలలో కలిసిపోయినది. కలుపుకొన్నవారు పరాయివారు కారు, మన బంధువులే. మా పినతండ్రిగారి చేను కూడ అందు కలదు. ఈ మాట ఇంటిలో చెప్పి నేను మాటలు పడితిని.

పెద్ద తరగతుల పిల్లలారా, ఆ కాలువ పోయిన దారి యెరిగిన వృద్ధులు మా యూర ఇంక ముగ్గురే యున్నారు. కార్తీక వానలకు ముందు మీలో నలుగురు నాతో రండు. వారి వెంట నడచి, గుర్తులు వ్రాసికొని, పటము గీయుదము. అర్జీ తమిళముననే వ్రాయుదము; గట్ల పేర్లు మాత్రము ఆ వృద్ధులు పలికినట్లే ఉంచుదము. గ్రామసభలో దానిని చదువుటకు మా పినతండ్రిగారి యెదుట నేనే నిలిచెదను.